డోలక్ లేని పాటలు

మన పాలిటెక్నిక్‌లో ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ చదువుతున్న ఒకతను ఈ మధ్య ఫోన్ చేసి, “అన్నా, డిప్లొమాతో ఆసుపత్రిలో ఏం పని ఉంటుంది?” అని అడిగాడు. ఇన్వర్టరు, బ్యాటరీలు, కెమెరాలు, కాలింగ్ బెల్లులు, ఆక్సిజన్ యంత్రం, వార్డుల్లో స్పీకర్లు అని వరసగా చెప్పుకుంటూ పోయాను. అవతల నుంచి “ఊఁ, ఊఁ” అని వినిపించింది. పెట్టేశాక ఆలోచిస్తే, నేను చెప్పిందంతా నిజమే గానీ అందులో నా ఉద్యోగం లేదు. ఇప్పుడు ఆ ఉద్యోగంలోనూ లేను. అందుకే గుర్తున్నంతవరకు ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎవరైనా అటువంటి చోట చేరితే పనికొస్తుంది.

ఆత్మకూరు దాటాక పొలాల మధ్య ఒక చిన్న మానసిక ఆసుపత్రిలో నేను మెయింటెనెన్స్ టెక్నీషియన్‌ని. ఉదయగిరి, దుత్తలూరు, సీతారామపురం వైపు నుంచి బస్సు దిగి వచ్చేవాళ్లే ఎక్కువ. ముందు ఓపీ, దాని వెనక రెండు వార్డులు, అన్నిటికీ వెనక వేపచెట్ల వైపు తిరిగి మూడు విడి గదులు. జబ్బు బాగా ఉధృతంగా ఉండి ఒంటరిగా ఉంచాల్సినవాళ్లను అక్కడ ఉంచేవారు. అంటుకునే జబ్బు ఏదైనా తోడైనవాళ్లను కూడా అక్కడే ఉంచేవారు. ఆ గదుల్లో ఉండకూడని వస్తువుల పట్టిక నాకు కంఠతా వచ్చు: వైరు, స్విచ్చి, గాజు, మేకు, తాడు, స్టీలు చెంచా. లైటు స్విచ్చి బయట. ఫ్యాను జాలీ వెనక. ఏది ఉండకూడదో తెలిస్తే పని సగం అయినట్టేనని ఆ రోజుల్లో నా నమ్మకం.

మా డాక్టరమ్మ నెల్లూరు నుంచి వచ్చిన మనిషి, నాకంటే కొంచెం పెద్దది. ఒక మధ్యాహ్నం నన్ను ఖాళీగా ఉన్న మధ్య విడి గదిలోకి పంపి బయట గడియ పెట్టింది. కాసేపటికి తీసి, “ఏం వినిపించింది?” అంది.

“ఎగ్జాస్ట్ ఫ్యాను మేడం. వరండాలో చెప్పులు. తర్వాత నా గుటక.”

“అంతే కదా? లేని గొంతులు వినిపించే మనిషిని తీసుకొచ్చి ఇందులో పెడుతున్నాం. ఆ గొంతులు తప్ప అతనికి తోడెవరున్నారిక్కడ? ఏదన్నా చెయ్యి. పాటలు పెట్టు.”

నాకు ఉత్సాహం వచ్చింది. జాలీ వెనక చిన్న స్పీకరు, లోపలి మాట డ్యూటీ గదిలో వినపడేలా ఒక మైకు, డ్యూటీ గదిలో యాంప్లిఫయరు. అన్నీ పెట్టాను, సౌండ్ ఎంత ఉండాలో కొలిచి గుర్తు పెట్టాను. మా హెడ్ సిస్టరు ఆత్మకూరు ఆమె, రిటైర్మెంటుకు దగ్గర పడింది. నడుము మీద చేతులు పెట్టుకుని పైకి చూసి, “ఏందబయా, మేము అరిచి చెప్పినా ఇనరు, నీ డబ్బా చెప్తే ఇంటారా?” అంది. ఉదయగిరి నుంచి వచ్చే వార్డు అటెండరు మాత్రం, “సిస్టరమ్మా, డబ్బా అయితే తిట్టదు గదా, అందుకని ఇంటారు,” అన్నాడు. అతనిది ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కే సాయిబుల కుటుంబం. మాటకు మాట అందించకుండా ఉండలేడు.

ఆ గదికి ముందుగా వచ్చినాయనకు నలభై దాటి ఉంటాయి. సీతారామపురం అవతల ఒక పల్లె. వానలు లేనప్పుడు ఉదయగిరి వచ్చి చెంచాలు చెక్కేవాడు. ఆదివారం ఊళ్లో బాప్టిస్టు చర్చిలో డోలక్ వాయించేవాడు. కొన్ని నెలలుగా గొంతులు వినిపిస్తున్నాయి, చనిపోయినవాళ్లు కనిపిస్తున్నారు. దగ్గు కూడా ఉందని పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. కళ్లెలో క్రిములు పోయేదాకా విడిగా ఉంచాలి. రెండు జబ్బులకూ మాత్రలు మొదలుపెట్టారు. మొదట్లో భార్య వరండాలోనే చాప వేసుకుని ఉంది. ఊళ్లో పొగాకు పనులు ముదిరిపోతున్నాయని, వారానికోసారి వస్తానని చెప్పి బస్సెక్కింది.

ఆమె వెళ్లిన దగ్గర నుంచి ఆయన తలుపు వైపు తిరిగి కూర్చునేవాడు. గొడవ లేదు, అరుపు లేదు. ఎవరు వెళ్లినా ఒకటే అడిగేవాడు.

“మా యామె యాడ?”

“ఊరికి పోయినాది అన్నా. వస్తాది,” అనేవాడు అటెండరు.

“ఆఁ,” అని తలూపేవాడు. అటెండరు గిన్నె తీసుకుని బయటికొచ్చే లోపల మళ్లీ, “మా యామె యాడ?”

డాక్టరమ్మ ఆయనకు తెలిసిన పాటలు పెట్టమంది. ఆ ఊరి పాస్టరు గారికి ఫోన్ చేస్తే తన ఫోన్లో రికార్డు చేసుకున్నవన్నీ పాపం ఓపిగ్గా పంపాడు. పేర్లు లేవు, నంబర్లే. నేను నా పద్ధతిలో వడపోశాను. నిదానంగా ఉండాలి. సౌండ్ ఉన్నట్టుండి పెరగకూడదు. చప్పట్లు, డోలక్ ఉండకూడదు, ఎందుకంటే చిన్న స్పీకర్లో ఆ దెబ్బ ఎవరో తలుపు బాదినట్టు వినిపిస్తుంది. చివరికి నాలుగు మిగిలాయి. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి, ఒకే ఎత్తులో, నడుస్తున్నంత నిదానంగా పాడినవి. సౌండ్ గ్రాఫు చూస్తే గీత పెట్టి గీసినట్టు ఉంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక పెట్టాను.

“బాగుండాయబయా, నాకే నిద్రొస్తా ఉండాది,” అంది సిస్టరు.

ఆయన లేచి నిలబడి పైకి చూశాడు. పాట అయ్యేదాకా అలాగే చూశాడు. వింటున్నాడనుకున్నాం. తర్వాత మూలకు వెళ్లి దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. విశ్రాంతి అనుకున్నాం. ఆ తర్వాత రోజుల్లో కూడా అవే పెట్టాను. ఆయన “మా యామె యాడ?” అని అడగడం మానేశాడు. ఇది మెరుగని నలుగురం ఒప్పుకున్నాం. డాక్టరమ్మ నా భుజం తట్టింది కూడా.

అన్నం మానేశాడు. ఆ వెంటనే మాత్రలు మానేశాడు.

బతిమాలారు, గదిమారు. నోరు తెరవడు. టీబీ మాత్రలు మధ్యలో ఆపితే ఏమవుతుందో డాక్టరమ్మ నాకు చెప్పినప్పుడు ఆమె గొంతులో భయం ఉంది. ఇలాగే ఉంటే దూరంగా ఉన్న పెద్దాసుపత్రికి పంపక తప్పదని, అక్కడ ట్యూబు వేసి పోస్తారని, ఈయన భార్య అంత దూరం రాలేదని, ఒంటరిగా అక్కడ ఈ మనిషి నిలవడేమోనని అంది. “ఆమెకు ఫోన్ చేసి కనుక్కో. ఇంట్లో ఏం ఇష్టంగా తింటాడో,” అంది.

డ్యూటీ గదిలో నుంచి చేశాను. బల్ల మీద యాంప్లిఫయరు పక్కన సన్నగా పాట నడుస్తోంది. ఆమె పొలంలో ఉన్నట్టుంది, గాలి, చుట్టూ మనుషుల మాటలు.

“చెప్పు సార్. ఎట్టుండాడు? తింటా ఉండాడా?”

“అదే అడుగుదామనమ్మా, ఇంట్లో ఆయనకి...”

“సార్. ఎనకాల ఆ పాట ఏంది?”

“మీ చర్చి పాటేనమ్మా.”

ఆమె అరిచిన అరుపుకు నేను ఫోన్ చెవి నుంచి దూరం పెట్టాను. “పోయినాడా? ఎప్పుడు పోయినాడు సార్? నాకెందుకు చెప్పలా? మేయ్, ఎవురన్నా రాండే, నా ఇల్లు కూలిపోయినాదే!”

నాకేమీ అర్థం కాలేదు. సిస్టరు ఫోన్ లాక్కుంది. “అమ్మాయ్! ఏయ్ అమ్మాయ్, ఇను! నీ మొగుడు బతికే ఉండాడు. నేనిప్పుడే చూసొచ్చినా. గోడకానుకోని కూచోనుండాడు. ఒట్టు. నా బిడ్డల మీద ఒట్టు.” ఆమె కుదురుకోవడానికి చాలాసేపు పట్టింది. నేను యాంప్లిఫయరు కట్టేశాను. అప్పుడు చెప్పింది.

ఆ పాట ఆ ఊళ్లో శవపేటిక మోసుకుపోయేటప్పుడు పాడేది. ఇంటి దగ్గర ఎత్తుకుంటే సమాధుల దాకా ఆపరు. దానికి డోలక్ వాయించరు. ఇంకే పాటనూ వాళ్లు డోలక్ లేకుండా పాడరు.

మిగతా మూడూ గదిలోకి పోకుండా ఆమెకు ఫోన్లో వినిపించాను. మూడూ అవే.

మా ఊళ్లో చావు అంటే డప్పు. ఎంత దూరంలో ఉన్నా డప్పు వినగానే ఎవరో పోయారని చిన్నప్పుడే తెలుస్తుంది. దరువు లేకపోవడమే చావని నాకు ఎలా తడుతుంది? సిస్టరుదీ మా వైపే. డాక్టరమ్మది నెల్లూరు టౌను. అటెండరు సాయిబు. మా నలుగురిలో ఆ సంఘం మనిషి ఒక్కరు లేరు. నెమ్మదిగా ఉన్నవి, అదురు లేనివి, దరువు లేనివి కావాలని జల్లెడ పట్టి, ఊరందరి పాటల్లో నుంచి చావు పాటలు మాత్రం ఏరి ఆయన నెత్తిమీద పెట్టాను. ఆపడానికి లోపల స్విచ్చి కూడా లేదు. అది కూడా నా పట్టిక ప్రకారమే.

ఫోన్లో ఆమె ఇంకోటి అడిగింది. “ఆ పాట ఎత్తుకున్నది ఆడమనిషే గదా సార్?”

“అవునమ్మా.”

“నేను కాదు. అయి పాడినప్పుడు నేను మీ వరండాలోనే ఉండా. మా వీధి చివర పెద్దామె పోతే మా తోడికోడలు ఎత్తుకున్నాదంట. మామూలుగా ఊర్లో ఏ పాటైనా నేనే ఎత్తుకునేది. అయ్యో దేవుడా. పోయింది నేనేనని అనుకోనుంటాడు.”

డాక్టరమ్మకు చెప్పాను. “ఇందులో జబ్బేమీ లేదు,” అంది. “ఊళ్లో చావు పాట పాడారు. ఎత్తుకోవాల్సిన మనిషి ఎత్తుకోలేదు. వారం అయినా ఆమె రాలేదు. ఆయన కూడిక సరిగ్గానే చేశాడు. అంకెలు మనమిచ్చాం.”

లోపలికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన దుప్పటి తియ్యలేదు. భార్యతో మాట్లాడమని ఫోన్ చెవి దగ్గర పెడితే కాసేపు విన్నాడు. తర్వాత నెమ్మదిగా పక్కకు నెట్టి, చాలా రోజుల తర్వాత మాట్లాడాడు.

“గొంతులు నాకు ఇనపడతానే ఉండాయి గదమ్మా. ఇప్పుడు ఆమెది గూడా వాటిల్లో కలిసినాది.”

మర్నాడు మొదటి బస్సుకు ఆమె వచ్చింది. సన్నటి మనిషి, చేతులు పొగాకు జిగురుతో నల్లగా ఉన్నాయి. గది లోపలికి పంపడానికి వీల్లేదు కాబట్టి, మాస్కు పెట్టి వేపచెట్ల వైపున్న జాలీ కిటికీ దగ్గర నిలబెట్టారు. నేను మైకూ వైర్లూ పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. డాక్టరమ్మ వద్దని చెయ్యి ఊపింది. “పైనుంచి వచ్చే గొంతు ఏదీ ఇక వద్దు.”

ఆయన లోపలి నుంచి చూశాడు. “ఎవురమ్మా నువ్వు?”

“ఎవురేంది? నేనే.”

“మూతి కట్టుకుంటే ఎవురైనా ఒకటే. ఆ చీర ఇంట్లోనుంచి తెచ్చుంటారు.”

డాక్టరమ్మ ఆమెను చెట్టు దాకా వెనక్కి నడిపించి మాస్కు తియ్యమంది. తీసింది. ఆయన ఆ ముఖాన్ని చూసిన చూపు నేను మర్చిపోలేను. ఎంతో కావలసిన వస్తువు అంగట్లో కనిపించి, అది తనది కాదని తెలిసిన మనిషి అలా చూస్తాడు. “పోయినోళ్లు గూడా నాకు ఇట్టనే అగపడతారు,” అని వెనక్కి తిరిగి, గోడ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.

ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. “అంత దూరం నుంచి బస్సులో నిలబడుకోని వస్తే, ఎవురంటావా నన్ను? పోయినోళ్లంటావా? నీ నోట్లో మన్ను పడ!” సిస్టరు ఆమె భుజం పట్టుకుంది. డాక్టరమ్మ ఆమె దగ్గరికి వెళ్లి మెల్లగా, “ఆదివారం మీరు పాడేది ఏదైనా పాడతారా?” అంది.

“ఈడనా? ఇంతమంది ముందరనా?”

“మేము దూరంగా పోతాం.”

“అది కాదమ్మా. ఆయన అందియ్యకుండా నాకు రాదు.”

ఆ మాట మాకెవరికీ అర్థం కాలేదు. సిగ్గు అనుకున్నాం. ఆమె కొంగు తల మీదికి లాక్కుని, చెట్టు మొదలు వైపు చూస్తూ ఎత్తుకుంది. నాకు సంగీతం రాదు. అయినా మరీ పైన మొదలుపెట్టిందని నాకే తెలిసింది. రెండో చరణానికి పోకముందే గొంతు చీలింది. ఆపింది. మళ్లీ ఎత్తుకుంది. అంతకంటే పైన. అటెండరు నా చెవిలో, “బో పైకి పోయినాది సార్,” అన్నాడు. సిస్టరు అతని వైపు ఉరిమి చూసింది. మూడోసారి ఆమె గాలి పీల్చుకుని మొదలుపెట్టింది, మొదటి మాటకే కీచుమంది.

“ఎన్నిసార్లు చెప్పాల్నే నీకు?”

గోడ వైపు నుంచే వచ్చింది ఆ మాట. ఆయన తిరగలేదు.

“ఆ ఎత్తులో మొదలుపెడితే ఎనకాల ఆడోళ్లు ఎట్ట అందుకుంటారు? దించు.”

“నువ్వు అందిస్తే గదా నాకు తెలిసేది!” ఆమె కేకేసింది. “నువ్వొచ్చి ఈడ పడుకుంటివి. మొన్న ఆదివారం నేను పైకి పోతే అందరూ నవ్వినారు. ఎవురందిస్తారు నాకు?”

ఆయన లేచాడు. కిటికీ దగ్గరికి రావడానికి నాలుగడుగులు కూడా లేవు, గోడ పట్టుకుని వచ్చాడు. జాలీ చెక్క మీద వేళ్లతో రెండుసార్లు తట్టాడు. గొంతులో, బాగా కింద, ఒక ధ్వని పట్టి నిలిపాడు. ఆమె కళ్లు మూసుకుని అది విని అక్కడి నుంచి ఎత్తుకుంది.

ఈసారి చీలలేదు. ఆడవాళ్ల వరస ఆమె పాడితే, మగవాళ్ల వరస ఆయన అందుకున్నాడు. మధ్యలో దగ్గు వచ్చింది. ఆమె ఆ మాట మీదే నిలబడి ఉంది, దగ్గు తగ్గేదాకా, ఎప్పుడూ అలవాటైన పనిలా. వేళ్లు చెక్క మీద నడుస్తూనే ఉన్నాయి. అది అయిపోయాక ఆయన అడిగిన మొదటి మాట, “మరి పోయింది ఎవురు?”

“వీధి చివర పెద్దామె.”

“అయ్యో,” అన్నాడు. “ఆమెకి నేను గుంత దాకా పోలేకపోతినే.” జాలీకి దగ్గరగా జరిగి, “అన్నం తిన్నావా?”

“నువ్వు తింటే తింటా.”

సిస్టరు ముక్కు చీదుకుని నా మీద పడింది. “ఏందబయా ఆ తీగలు పట్టుకోని బొమ్మ మాదిరి? నీళ్లు తీసకరా పో. మాత్రలు మింగాల.”

ఆ తర్వాత పెద్దాసుపత్రి మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు డాక్టరమ్మ నాకు రెండు పనులు చెప్పింది. ఒకటి, లోపలి మనిషి తానుగా పెట్టుకుని తానుగా ఆపుకోగలగాలి. గదిలో స్విచ్చి ఉండకూడదని నేను నా పట్టిక చదివాను. “అయితే ఉండదగిన స్విచ్చి చెయ్యి. దేనికి నీ చదువు?” అంది. షాకు కొట్టనంత తక్కువ కరెంటుతో నడిచేటట్టు చేశాను. పైన నొక్కే బొత్తం అటెండరు తన వాళ్లతో చెక్కించి తెచ్చాడు. చెంచా బొడిపెలా నున్నగా, అంచు లేకుండా, గోడలో కలిసిపోయింది. పేషెంటు దాన్ని వేలితో నిమిరి, “చెయ్యి తిరిగినోళ్లే,” అని సర్టిఫికెట్ ఇచ్చాడు. రెండోది, ఎవరు కొత్తగా ఆ గదికి వచ్చినా ముందు ఒక ప్రశ్న అడగాలి. ఏ పాట కావాలని కాదు, ఏ పాట వద్దని. సిస్టరు దాన్ని తన ధోరణిలో అడిగేది: “ఏ పాట పెడితే మమ్మల్ని తంతావో ముందే చెప్పు నాయనా.” పెళ్లి పాటలు వద్దన్నవాళ్లున్నారు. తండ్రికి ఇష్టమైనవి వద్దన్నవాళ్లున్నారు. ఏదీ వద్దు, ఆ వేపచెట్టు మీద కాకులు చాలన్న ఆమె ఒకరు.

సాయంత్రం పొగాకు పని నుంచి దిగాక ఆయన భార్య ఫోన్ చేసేది. వాళ్ల ఊళ్లో సిగ్నలు ఒక కల్వర్టు మీద మాత్రమే ఉంటుందట, అక్కడికి నడిచి వచ్చి చేసేది. నేను ఫోన్‌ను లైనుకు కలిపేవాణ్ణి. లోపల ఆయన బొత్తం నొక్కితేనే వాళ్లిద్దరూ కలిసేవారు. కలవగానే నేను హెడ్‌ఫోన్ తీసేసి, డ్యూటీ గదిలో సౌండ్ కట్టేసి బయటికి రావాలి. భార్యాభర్తల మాటలు వినడం నా పని కాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

బయటికి వచ్చి వరండా చివర నిలబడేవాణ్ణి. అక్కడికి జాలీలోంచి ఆయన సగం వినిపించేది. స్పీకరు సౌండ్ తక్కువ కాబట్టి ఆమె సగం వినిపించేది కాదు. వేలు చెక్క మీద రెండుసార్లు పడేది. కిందగా ఒక ధ్వని. తర్వాత ఖాళీ, ఆమె పాడుతున్నంతసేపు. తర్వాత మగవాళ్ల వరస. మళ్లీ ఖాళీ. ఆ పాటలన్నీ నాకు సగం సగం వచ్చేశాయి. మిగతా సగం అటువైపు ఎక్కడో ఒక కల్వర్టు మీద, చీకటి పడుతుంటే, జిగురు చేతుల్తో ఫోన్ పట్టుకుని నిలబడిన మనిషి దగ్గర ఉంది. వేపచెట్ల మీద వెలుగు తగ్గేది. మాకు డ్యూటీ అయిపోయినా అటెండరూ నేనూ కదిలేవాళ్లం కాదు. “పోదామా సార్?” అనేవాడు. “పద,” అనేవాణ్ణి. నిలబడే ఉండేవాళ్లం. అతని భార్య అప్పుడు పుట్టింట్లో ఉంది, ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. నాకైతే ఎదురుచూడటానికి ఎవరూ లేరు. అయినా ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టే ఉండేది.

కొన్ని రోజులు ఆయన బొత్తం నొక్కేవాడు కాదు. గొంతులు ఎక్కువైన రోజులవి. ఆమె కాసేపు ఉండి, “రేపు చేస్తా సార్,” అని పెట్టేసేది. ఆ “రేపు” అనడంలో నిష్ఠూరం ఎప్పుడూ వినలేదు. గొంతులు పూర్తిగా పోయాయని ఆయన ఎన్నడూ చెప్పలేదు. “ఉండాయి గానీ, దూరంగా జరిగినాయి,” అనేవాడు. క్రిములు లేవని రిపోర్టు వచ్చాక ఇద్దరూ ఉదయగిరి బస్సెక్కారు. మందుల సంచి ఆమె చంకలో ఉంది. ఆయన ఫుట్‌బోర్డు మీద నుంచి నాకు తల ఊపాడు, అంతే.

సాయంత్రం అలవాటుగా వరండా చివరికి వెళ్లాను. ఆ రోజు మధ్య గదిలో ఎవరూ లేరు.

ఆ తర్వాతి ఏడాది నాకు వేరే జిల్లాలో సోలార్ ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. పెద్ద కంపెనీ, మంచి క్వార్టర్లు. పొద్దు దిగగానే ఇన్వర్టర్ల హోరు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతుంది, తర్వాత ఎంత దూరం విన్నా ఏమీ ఉండదు. ఆ వేళకు నా కాళ్లు ఊరికే గుమ్మం దాకా వెళ్తాయి. ఆ సగం పాటలు నోట్లో ఆడతాయి, ఖాళీలు ఖాళీలుగానే. పూర్తిగా పాడుకుందామంటే నాకు ఆమె వరస రాదు.

కిందటి సంవత్సరం సెలవులో ఉదయగిరికి వెళ్లి అటెండరు ఇంట్లో దిగాను. భార్య తిరిగి వచ్చింది, టీ ఆమే ఇచ్చింది. మర్నాడు ఆదివారం. అతని బైకు తీసుకుని సీతారామపురం దాటి ఆ పల్లెకు వెళ్లాను. ఫోన్ చెయ్యలేదు. చేస్తే రావొద్దంటారేమోనని కాదు. రమ్మంటే ఎందుకు వస్తున్నానో చెప్పాల్సి వస్తుందని.

చర్చి గుమ్మం బయట చెప్పులు వరసగా ఉన్నాయి. ఆమె గుమ్మంలోనే ఉంది, చాపలు పరుస్తూ. చూసి గుర్తుపట్టి, కొంగు సర్దుకుని నవ్వింది.

“డబ్బాల సారే! యాడ ఉండారు సార్ ఇన్నాళ్లు?”

చెప్పాను. ఆయన ఎలా ఉన్నాడని అడిగాను. మాత్రలు మానలేదట. చెక్కుడు పని తగ్గిందట, మాత్రలకు చేతులు వణుకుతాయట. “డోలక్ ఇప్పుడు వేరే ఆయన కొట్టతా ఉండాడు సార్. ఈయన చేతిలో దరువు నిలబడ్డం లేదు.” చెప్పేటప్పుడు చాప అంచు సరిచేస్తూ కిందికి చూసింది. నేను రెండో అంచు పట్టుకుని సాగదీశాను.

“మరి అందించేది?”

“అది ఈయనే. గొంతుకి వణుకు లేదు గదా.” లోపలికి చెయ్యి చూపించింది. మగవాళ్ల వైపు ముందు వరసలో, నడవాకు ఆనుకుని, ఆడవాళ్ల వైపు మొదటి చాపకు ఎదురుగా ఆయన కూర్చుని ఉన్నాడు. సన్నబడ్డాడు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. “రాండి సార్, లోపల కూచోండి. పాడదురు.”

“నేను పాడనమ్మా. నేను వైర్లు చూసుకునేవాణ్ణి.”

“ఈడ వైర్లు లేవు గదా సార్,” అంది. “ఇంకేం చేస్తారు మరి? పాడండి.”

చెప్పులు విప్పి మగవాళ్ల వెనక వరసలో కూర్చున్నాను. డోలక్ కొట్టే ఆయన రెండు దెబ్బలు వేశాడు. ముందు వరస నుంచి, బాగా కిందగా, ఆ ధ్వని వచ్చింది. ఆమె అక్కడి నుంచి ఎత్తుకుంది. ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న చోట్లలో ఆమె గొంతు ఒక్కొక్కటిగా వచ్చి కూర్చుంటూ ఉంటే, ఒళ్లు తెలియలేదు. మగవాళ్ల వరస రాగానే నాకు తెలియకుండానే అందుకున్నాను.

చాలా పైన. పక్కనున్న ఇద్దరు నా వైపు చూశారు. ముందు వరసలో ఆయన తల తిప్పాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో ఆ ముఖంలో తెలియలేదు. తొడ కింద నుంచి వణుకుతున్న చెయ్యి తీసి, అరచేతిని నేల వైపు పెట్టి, కిందికి దించి చూపించాడు.

దించాను.